మూడో గడి

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంది అత్తగారు.

టీ కప్పులో పడలేదు. కప్పు పక్కన బల్ల మీద పడి, అక్కణ్ణుంచి అత్తగారి కళ్ళజోడు పెట్టె దాకా పారింది. కోడలు గబగబా గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ ఒకసారి కుడికన్ను మూసి చూసింది. ఒక కప్పు. తెరిచింది. రెండు. తను టీ పోసింది రెండోదాంట్లో. అంటే లేనిదాంట్లో.

పేపరు వెనకనుంచి భర్త గొంతు వినిపించింది. "నిద్ర చాల్లేదేమోలే. నువ్వేం తలకి పెట్టుకోకు."

అది ఆయన ఊతపదం. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళుగా ఆమె చెవులు అరిగిపోయేలా వింటున్న మాట. ఆడపడుచు పదిమందిలో ఏదో అనేస్తే తలకి పెట్టుకోకు. ఉద్యోగంలో తనకి రావాల్సిన పై మెట్టు నిన్నగాక మొన్న చేరినవాడికిస్తే తలకి పెట్టుకోకు. ఆయనది బస్సు డిపోలో టైమింగులు రాసే ఉద్యోగం. ఏ బస్సు ఏ నిమిషానికి కదలాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో మొత్తం ఆయన బుర్రలోనే ఉంటుంది. పన్నెండేళ్ళలో తన డిపోనుంచి ఒక్క బస్సూ ఆలస్యంగా కదల్లేదని చుట్టాలందరికీ చెప్పుకుంటాడు. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ బుర్రని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడుస్తాడు. ఇంట్లో గుర్తుపెట్టుకోవడం ఆమె పని. ఫ్రిజ్ తలుపు నిండా ఆమె రాసిన చీటీలే. అత్తగారి బీపీ మాత్రలు ఎప్పుడు తేవాలి, ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలి, ఆడపడుచు పెళ్ళిరోజు ఎప్పుడు, ఆవిడకి ఫోను చెయ్యమని ఈయనకి ఎప్పుడు చెప్పాలి. "మా ఆవిడ మా ఇంటి క్యాలెండరండీ" అంటాడు ఎవరొచ్చినా. పొగిడినట్టే ఉంటుంది. క్యాలెండర్ని మేకు కొట్టి గోడకి తగిలిస్తారన్న సంగతి ఆమెకి చాలా ఆలస్యంగా తట్టింది.

"ఇంకో కప్పు పొయ్యి," అంది అత్తగారు. "ఈసారి కప్పులో."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, కుడికన్ను మూసుకుని పోసింది.

*

ఆమెది కళ్ళతో చేసే ఉద్యోగం. ఊరి చివరి ఫ్యాక్టరీలో, తెల్లటి గదిలో, తలనుంచి కాళ్ళదాకా తెల్లటి ముసుగు తొడుక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. అక్కడ తయారయ్యేది అగ్గిపుల్లకంటే సన్నగా ఉండే జల్లెడ గొట్టం. వెంట్రుకకంటే సన్నటి తీగలు నలభై ఎనిమిది. వాటిని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా యంత్రం అల్లుతుంది. అందుకే అక్కడందరూ దాన్ని జడ అంటారు. మెదడులోని రక్తనాళం ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బితే, తల తెరవకుండా, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టంలో ఈ జడని పైదాకా పంపించి బుడగ మూతి దగ్గర విప్పుతారు. బుడగని ఎవరూ ముట్టుకోరు. దాని మూతికి జల్లెడ అడ్డం పడుతుంది, అంతే. రక్తం తన దారిన తాను తిన్నగా పోతుంది. లోపలికి పోయేది తగ్గేసరికి బుడగ కొన్ని నెలల్లో తనంతట తనే ముడుచుకుపోతుంది.

అల్లికలో ఒక్క తీగ దారి తప్పితే ఆ జడ పనికిరాదు. ఆ తప్పిన తీగని పట్టుకోవడమే ఆమె పని. పదిహేనేళ్ళలో ఆమె సరేనన్న జడ ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకే అక్కడ ఆమెకి డేగ అని పేరు.

అనుమానం వచ్చిన జడకి పసుపు చీటీ కడతారు. చీటీలో మూడు గళ్ళుంటాయి. ఎవరు ఆపారు? ఎందుకు ఆపారు? ఎప్పటిదాకా? మూడూ నింపకపోతే చీటీ చెల్లదు. ఒకసారి కట్టాక, కట్టిన చెయ్యే విప్పాలి. కంపెనీ యజమాని దిగొచ్చినా సరే, ఇంకొకరు ఆ ముడి ముట్టుకోవడానికి లేదు. పనిలో చేరినరోజు ఆమెకి అన్నిటికంటే నచ్చిన రూలు అది.

ఆ ఉదయం మొదటి జడని కళ్ళకిందికి తెచ్చి తీగలు లెక్కపెట్టింది. తొంభై ఆరు.

తొంభై ఆరు తీగల జడ ఈ భూమ్మీద లేదు.

ఎప్పణ్ణుంచి ఇలా? టీ సంగతి ఇవాళ్టిది. మొన్న మెట్టు తప్పబోయింది. అంతకుముందు వారం బస్సు నంబరు అలుక్కుపోయినట్టు కనిపిస్తే అద్దాలు మార్చాలేమోననుకుంది. వేళ్ళు ముడిచి లెక్కేసుకుంది. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో తను సరేనని పంపిన జడలన్నీ పక్కగదిలో పెట్టెల్లో ఉన్నాయి. రేపు లారీ ఎక్కుతాయి. ఒక కన్ను మూసుకుని పని కానిస్తే ఎవరికీ తెలియదు. కానీ ఆ పెట్టెల్లో ఏది ఎవరి తలలోకి వెళ్తుందో ఎవరికి తెలుసు? లేచి వెళ్ళి, పెట్టెలన్నిటికీ చీటీలు కట్టడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "డేగమ్మా! నూట నలభై పెట్టెలు! పొద్దున్నే నా మీద ఇదేం పగ?"

"రాశాను కద సార్. రెండో గడి చూడండి."

చూశాడు. 'ఎందుకు ఆపారు' దగ్గర 'నా కన్ను' అనుంది. 'ఎప్పటిదాకా' దగ్గర 'కన్ను బాగయ్యేదాకా' అనుంది.

"నేనిక్కడ అన్ని రకాల కారణాలూ చూశాను. ఎవరూ తమ తప్పు తామే రాసుకోలేదు," అన్నాడు. "ముందు ఆస్పత్రికి పోమ్మా. పెట్టెలు ఇక్కడే ఉంటాయి."

ఆమె కుడిపక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ అప్పటికే ముసుగు విప్పేసి చెప్పులేసుకుంటోంది. తొమ్మిదేళ్ళుగా పక్కపక్కనే కూర్చోవడంతో ఆవిణ్ణి ఈమె పక్కబల్ల అనే పిలుస్తుంది. "పద డేగక్కా. డేగకే చూపు పోతే మాలాంటి కోడిపెట్టల గతేం కాను?"

*

కంటి డాక్టరు చూసి మెదడు డాక్టరు దగ్గరికి పంపింది. ఆ డాక్టరు స్కాను తీయించి, మధ్యాహ్నానికి ఇద్దర్నీ లోపలికి పిలిచింది. చిన్నవయసు మనిషి, మెత్తటి మాట.

"కుడికంటి వెనక రక్తనాళం బుడగలా ఉబ్బిందండీ. అది కంటిని తిప్పే నరాన్ని నొక్కుతోంది. అందుకే అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి. పద్నాలుగు మిల్లీమీటర్లుంది, ఆలస్యం చెయ్యకూడదు. కానీ కంగారు పడకండి, తల తెరవక్కర్లేదు. సన్నటి జల్లెడలాంటి గొట్టం ఒకటుంటుంది..."

"నలభై ఎనిమిది తీగలు," అంది ఆమె.

డాక్టరు ఆగిపోయింది.

"వాటిని చూసి పంపేది ఈవిడేనండీ," అంది పక్కబల్ల. "మీరు చెబుతున్నది కొండకే కొండంటే ఏమిటో చెప్పినట్టుంది."

డాక్టరు నవ్వింది. నవ్వుతూనే కంప్యూటరు వైపు తిరిగి పాత రికార్డు తెరిచింది. నవ్వు ఆగిపోయింది. "రెండేళ్ళ కిందట ఇక్కడే స్కాను తీశాం కదా. అప్పుడు ఆరు మిల్లీమీటర్లే ఉంది. అప్పుడే వేయించుకుంటే కంటిదాకా వచ్చేది కాదు. ఎందుకు వద్దన్నారు?"

"ఎవరు?"

"మీరే."

డాక్టరు తెరని ఆమె వైపు తిప్పింది. ఆమె కుడికన్ను మూసుకుని చదివింది. 'విషయం కుటుంబానికి వివరించాం. పేషెంటు ప్రస్తుతం ఇష్టపడటం లేదు. తర్వాత చూద్దామన్నారు.' కింద సంతకం. చివరి అక్షరానికి పొడుగాటి తోక. టైమింగుల కాగితాల మీద ఆయన రోజూ చేసే సంతకమే. పక్కన అలవాటు కొద్దీ టైము కూడా వేశాడు. పదకొండు నలభై.

"మీకు చెప్పారనే అనుకున్నాం," అంది డాక్టరు నెమ్మదిగా.

"నేను తెలివిలోనే ఉన్నానండీ. పక్కగదిలోనే పడుకుని ఉన్నాను."

"మిమ్మల్నే అడగాల్సింది. తప్పు మాది కూడా," అంది డాక్టరు.

పదకొండు నలభై. ఆమెకి ఆ నిమిషం బాగా గుర్తుంది. బాత్రూంలో జారిపడితే తలకి దెబ్బ తగిలిందని తీసుకొచ్చారు. గోడ గడియారం చూస్తూ పడుకుంది, పన్నెండింటికి అత్తగారు మాత్ర వేసుకోవాలి, ఎవరు గుర్తుచేస్తారా అనుకుంటూ. ఆయన లోపలికొచ్చి, "ఏం లేదట, ఒట్టి బలహీనతట. తలకి పెట్టుకోకు" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి అప్పుడే పెన్ను జేబులో పెట్టుకుని వచ్చిన చెయ్యన్నమాట. అది తెలియక, ఎంత ఓర్పుగా తిప్పాడు పాపం అనుకుని, దారిలో ఆయనకి థాంక్స్ కూడా చెప్పింది. మరుసటి వారమే అత్తగారికి మోకాలి ఆపరేషను. ఆవిణ్ణి మంచం మీంచి లేపింది తను, కుర్చీలో కూర్చోబెట్టింది తను, వేణ్ణీళ్ళ బకెట్లు మోసింది తను. ఆడపడుచు ఇల్లు మారితే బీరువాకి ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఆయన పట్టుకున్నాడు. "ఎత్తు, ఎత్తు, ఇంకాస్త బలంగా ఎత్తు" అన్నాడు. తలలో ఏముందో తెలిసిన మనిషే అన్నాడు. తలనొప్పంటే అత్తగారు, "మాకు లేవా తలనొప్పులు? మేం చెప్పుకోం, అంతే" అనేది. ఆవిడకీ తెలుసా? పగలంతా ఆమె కళ్ళు చించుకుని ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలల కోసం జడలు సరిచూసింది. తన తలలో బుడగ ఉన్న సంగతి, తన పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది రోగం కాదు. 'ఇష్టపడటం లేదు' అన్న మాట. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆమె ఇష్టం ఏ కాగితం మీదైనా రాయడం అదే మొదటిసారి.

"అక్కా, మంచినీళ్ళు తాగుతావా?" అంది పక్కబల్ల.

"ఈ కాగితం కాపీ ఇస్తారా?" అని ఆమె డాక్టర్ని అడిగింది.

*

సాయంత్రం ఆయన సోఫాలో కూర్చుని సాక్సులు విప్పుతున్నాడు. ఎదురు కుర్చీలో అత్తగారు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

"ఎవరు ఆపారు?" అనడిగింది.

ఆయన కాగితం చూశాడు. చేతిలో సాక్సు చేతిలోనే ఉండిపోయింది. "అదా... అప్పుడు అందరం కలిసే అనుకున్నాం."

"అందరం అంటే?"

"నేనూ, అమ్మా. మీ అన్నయ్యకి కూడా ఫోను చేశాను. ఆయనా 'మీ ఇష్టం బావా' అన్నాడు."

అన్నయ్య కూడా.

"ఎందుకు ఆపారు?"

ఈసారి అత్తగారు అందుకుంది. "నా మోకాలు అప్పుడే కదమ్మా పెట్టుకున్నాం. ఇద్దరం ఒకేసారి మంచమెక్కితే ఎవరు చేస్తారు? నీకేమో రక్తం పలచన చేసే మాత్రలు నెలలకి నెలలు మింగాలట, బరువులెత్తకూడదట. నీకు చెబితే హడిలి చస్తావని వాడే వద్దన్నాడు. అంతా నీ మంచికే."

"ఎప్పటిదాకా?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు సాక్సు వైపు చూశాడు.

"అమ్మ లేచి తిరగ్గానే వెళ్దామనే అనుకున్నాం, నీమీదొట్టు. ఈలోపు చెల్లి ఇల్లు మారడం వచ్చింది. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"మర్చిపోయాను."

ఆమె ఆ మాటకి సిద్ధంగా లేదు. దారిపొడుగునా చాలా ఊహించుకుంది. తనని వదిలించుకోవాలనుకున్నాడేమో, ఇంకెవరైనా ఉన్నారేమో, ఇంకేదో పెద్ద కారణం ఉందేమో అనుకుంది. పెద్ద కారణం ఉంటే తను కూడా కాస్త పెద్దగా కనిపించేది. అదేం లేదు. గొడుగు బస్సులో మర్చిపోయినట్టు మర్చిపోయాడు. పన్నెండేళ్ళలో ఒక్క బస్సుని మర్చిపోని మనిషి.

ఆయనకి ఇప్పుడు చిరాకొచ్చింది. దొరికిపోయినప్పుడల్లా వచ్చే చిరాకే. సాక్సు నేలకేసి కొట్టి, ఏది మర్చిపోయినా ఆమెని అనే మాటే అనేశాడు.

"నా నెత్తిన వెయ్యి పనులు! నువ్వైనా గుర్తుచెయ్యాల్సింది!"

తనేమన్నాడో ఆయనకి తెలియడానికి నాలుగైదు క్షణాలు పట్టింది. అప్పటికే అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమె అరవలేదు. ఏడవలేదు. కాగితం తీసి నాలుగు మడతలు పెట్టింది.

"నిజమే. నాదే పొరపాటు. గుర్తుపెట్టుకోవాల్సినవాటిలో అదొక్కటే నాకు చెప్పలేదు కదా," అంది.

*

ఆపరేషనుకి ముందు ఐదు రోజులు మాత్రలు వేసుకోవాలి. ఆ ఐదు రోజులూ ఆమె ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. ఫ్రిజ్ మీది చీటీలు మాత్రం ఒక్కొక్కటే తీసింది. ఎవరి చీటీ వాళ్ళ చేతికిచ్చింది. బీపీ మాత్రలది అత్తగారికి. పళ్ళ డాక్టరుదీ, గ్యాసుదీ, చెల్లెలి పెళ్ళిరోజుదీ ఆయనకి. "ఇప్పుడివన్నీ నాకెందుకు?" అన్నాడాయన. "మీవి కదా," అంది ఆమె. మూడోరోజు అత్తగారు మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదు. "చెప్పవేం?" అని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "చీటీ మీ దగ్గరే ఉందత్తయ్యా," అంది ఆమె, తిరిగి చూడకుండా. ఐదోరోజుకి ఫ్రిజ్ తలుపు తెల్లగా, బోసిగా కనిపించింది. ఆయన దాని ముందు నిలబడి ఏదో పోయినట్టు వెతుక్కున్నాడు.

ఆపరేషను రోజు ఉదయం నర్సు అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు తెచ్చింది. మొదటి కాగితం మీద ఆమే సంతకం చేసింది. 'నాకు ఇష్టమే' అన్న మాట దగ్గర రెండోసారి చదువుకుని మరీ చేసింది.

"మీరు మత్తులో ఉన్నప్పుడు ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సొస్తే ఎవర్నడగాలి?" అంది నర్సు రెండో కాగితం తీస్తూ.

ఆయన అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు. "నేనండీ. భర్తని."

"ఆయనకివ్వకండి," అంది ఆమె. "మర్చిపోతారు."

నర్సు జోకనుకుని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది. పక్కబల్ల ముందుకొచ్చి కాగితం అందుకుంది. "బంధుత్వం అని గడుందక్కా. ఏం రాయను?"

"పక్కబల్ల అని రాయి."

ఆయన మొహం మాడింది. అయినా స్ట్రెచరు పక్కనే ఆపరేషను గది తలుపుల దాకా నడిచాడు. అలవాటుగా వాచీ చూసుకున్నాడు. "రెండు గంటలు పడుతుందట. ఎల్లుండి పదింటికి డిశ్చార్జి. ఎన్నింటికి రెడీగా ఉంటావో చెబితే బండి మాట్లాడతాను. ఇంటికెళ్ళాక అన్నీ నిదానంగా మాట్లాడుకుందాం. తలకి..."

అంతవరకే అన్నాడు.

ఆమె దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసి, ఆయన అరచేతిలో ఇంటి తాళాలు పెట్టింది. వీధి తలుపుదీ, బీరువాదీ, వెనక గుమ్మానిదీ, పంతొమ్మిదేళ్ళ గుత్తి మొత్తం. గుత్తికి పసుపు చీటీ కట్టి ఉంది. ముడి గట్టిగా, ఆమె చేతి ముడి.

"ఇదేంటిది?" అంటూ ఆయన గోటితో ముడి లాగబోయాడు.

"విప్పకండి సార్," అంది పక్కబల్ల. "కట్టిన చెయ్యే విప్పాలి. రూలు."

స్ట్రెచరు కదిలింది. ఆమె కుడికన్ను మూసుకుని చూసింది. ఆయన ఒక్కడే కనిపించాడు, చీటీని మొహానికి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటూ. ఎవరు ఆపారు అన్న గడిలో ఆమె పేరుంది. ఎందుకు ఆపారు అన్న గడిలో 'మర్చిపోయారు' అనుంది. ఆయన వేలు మూడో గడి మీదికి జరిగింది. టైము కోసం వెతుకుతున్నాడని ఆమెకి తెలుసు.

ఎప్పటిదాకా అన్నచోట ఆమె, రెండేళ్ళ కిందట ఆయన అన్న మాటే రాసింది.

తర్వాత చూద్దాం.